సొంత వృత్తి, వ్యాపారం చేసుకునేవారు ఆదాయపు పన్ను రిటర్నులో బండి ఖర్చు చూపే పద్ధతి

ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే వ్యాపారి, హనుమకొండలో సొంత క్లినిక్ ఉన్న డాక్టరు, పరకాల, నర్సంపేట, ములుగు ఊళ్లు తిరిగి పాలసీలు చేయించే బీమా ఏజెంటు, ట్రాలీ ఆటో కొని సరుకు తోలే డ్రైవరు, వీరిలో ఎవరికీ బండి లేనిదే పని సాగదు. అయితే ఆదాయపు పన్ను రిటర్నులో ఆ బండి ఖర్చు విషయానికి వచ్చేసరికి వీరి దారులు వేరవుతాయి. కొందరికి ఒక్క పెట్రోలు బిల్లు చూపే వీలు కూడా ఉండదు. కొందరికి అసలు ఖర్చులు లెక్కగట్టి చూపడం తప్ప మరో మార్గమే లేదు. అందువల్ల బిల్లులు పోగేయడానికి ముందు మీరు ఏ కోవకు వస్తారో తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేది 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, అంటే 2026-27 మదింపు సంవత్సరపు రిటర్నుకు సంబంధించినది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారినప్పటికీ, ఈ రిటర్నుకు 1961 నాటి చట్టమే వర్తిస్తుంది కాబట్టి పాత సంఖ్యలనే వాడుతున్నాను.

అంచనా పద్ధతిలో ఉన్నవారికి విడిగా బండి ఖర్చు ఉండదు

చిన్న వ్యాపారులకు 44ఏడీ సెక్షన్ కింద అంచనా ఆదాయ పద్ధతి ఉంది. ఏడాది టర్నోవరు 2 కోట్ల రూపాయల లోపు ఉంటే, నగదు వసూళ్లు మొత్తం వసూళ్లలో 5 శాతం దాటనప్పుడు 3 కోట్ల లోపు ఉంటే, బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్ల మీద 6 శాతం, మిగిలిన వాటి మీద 8 శాతం లాభంగా చూపితే సరిపోతుంది. డాక్టర్లు, వకీళ్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్లు మొదలైన నిర్దేశిత వృత్తుల వారికి 44ఏడీఏ సెక్షన్ ఉంది. వసూళ్లు 50 లక్షల లోపు, అదే 5 శాతం నగదు షరతు పాటిస్తే 75 లక్షల లోపు ఉన్నప్పుడు అందులో సగం ఆదాయంగా చూపాలి. సరుకు రవాణా బండ్లు పదికి మించకుండా ఉన్నవారికి 44ఏఈ సెక్షన్ కింద, 12 టన్నులకు మించిన భారీ వాహనమైతే టన్నుకు నెలకు 1,000 రూపాయలు, మిగతా బండి ఏదైనా నెలకు 7,500 రూపాయలు ఆదాయంగా లెక్కిస్తారు. ఏడాదంతా చేతిలో ఉన్న ట్రాలీ ఆటో ఒక్కటే ఉన్న డ్రైవరుకు ఇది 90,000 రూపాయలు అవుతుంది. మనుషులను ఎక్కించుకునే ఆటో, క్యాబ్ ఈ సెక్షన్‌లోకి రావు. అవి 44ఏడీ కిందికి వస్తాయి.

ఈ మూడింటిలోనూ మిగిలిన భాగమంతా ఖర్చుల కింద పోయినట్టే చట్టం భావిస్తుంది. పెట్రోలు, రిపేర్లు, ఇన్సూరెన్స్, లోన్ వడ్డీ, తరుగుదల (వాడకంతో బండి విలువ తగ్గినందుకు ఏటా తీసివేయనిచ్చే మొత్తం) అన్నీ అందులోనే కలిసి ఉన్నట్టు లెక్క. అంచనా పద్ధతివారు వేసే ఐటీఆర్-4 రిటర్ను ఫారంలో బండి ఖర్చుకు గడి కనిపించకపోవడానికి కారణం ఇదే. చాలామంది గమనించని మరో సంగతి ఏమిటంటే, అంచనా పద్ధతిలో ఉన్న ఏళ్లలో కూడా బండి విలువ మీద తరుగుదల ఏటేటా తీసివేసినట్టే చట్టం లెక్కగడుతుంది. నాలుగేళ్ల తర్వాత లెక్కల పద్ధతికి మారి, కారు కొన్న ధర మీద తరుగుదల అడుగుతామంటే కుదరదు. అప్పటికి మిగిలిన విలువ మీదే అడగాలి.

అసలు ఖర్చులు ఎక్కువగా ఉన్నాయని అంచనా పద్ధతి వదిలేయాలనుకునేవారు తొందరపడకూడదు. 44ఏడీలో ఉన్న వ్యాపారి ఐదేళ్లు నిండకుండా బయటికి వస్తే, ఆ తర్వాతి ఐదేళ్లు మళ్లీ అందులోకి పోలేడు. మొత్తం ఆదాయం పన్ను లేని పరిమితిని దాటితే లెక్కల పుస్తకాలతో పాటు ఆడిట్ కూడా తప్పదు. 44ఏడీఏలో ఈ ఐదేళ్ల కట్టడి లేదు గానీ, సగం కన్నా తక్కువ ఆదాయం చూపితే పుస్తకాలు, ఆడిట్ అక్కడా అవసరమే. కారు తరుగుదల కోసం ఆడిట్ ఫీజు, ఏడాది పొడవునా లెక్కల పని నెత్తిన వేసుకోవడం చాలామంది డాక్టర్లకు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. అద్దె, నర్సుల జీతాలు, పరికరాల కిస్తీలు కలిసి వసూళ్లలో సగాన్ని నిజంగానే మించిపోతున్నప్పుడు మాత్రం ఆలోచించవలసిందే.

కమీషన్ మీద బతికేవారి సంగతి వేరు

కమీషన్, బ్రోకరేజీ సంపాదించేవారికి, ఏజెన్సీ వ్యాపారం చేసేవారికి 44ఏడీ వర్తించదని ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే బీమా ఏజెంటు, ప్లాట్ల బ్రోకరు, ఎనుమాములలో రైతు పత్తిని అమ్మించి కమీషన్ తీసుకునే అడ్తిదారు ఐటీఆర్-4 వేయడానికి వీల్లేదు. ఏజెంట్ల కమీషన్‌ను 44ఏడీలో చూపించి 6 శాతం మీద పన్ను కట్టించే వాడుక మన దగ్గర అక్కడక్కడా కనిపిస్తుంది. నోటీసు వచ్చిందంటే సమాధానం చెప్పుకోవడం కష్టం. వీరు ఐటీఆర్-3 వేయాలి, అసలు ఖర్చులు చూపాలి. బండి ఖర్చు లెక్క బాగా పనికొచ్చేది వీరికే, కనుక ఇక ముందు చెప్పేది ముఖ్యంగా వీరిని దృష్టిలో పెట్టుకొనే.

కొత్త పన్ను విధానంలో మినహాయింపులు ఏవీ ఉండవు కాబట్టి బండి ఖర్చు కూడా రాదనే మాట ఒకటి వినిపిస్తుంది. అది సరికాదు. కొత్త విధానంలో ఆగిపోయినవి పొదుపు, బీమా ప్రీమియంలకు ఇచ్చే 80సీ వంటి మినహాయింపులు. వ్యాపారం నడపడానికి పెట్టిన ఖర్చు, మామూలు తరుగుదల రెండు విధానాల్లోనూ తీసివేయవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానం కోరుకుంటేనే 10-ఐఈఏ ఫారం గడువులోగా ఇవ్వాలి.

కిలోమీటర్ల లెక్క

అమెరికాలో ఉన్న బంధువులు మైలుకు ఇంత అని ఒక రేటు కట్టి ఖర్చు చూపుతామని చెబుతుంటారు. మన చట్టంలో సొంత వృత్తిదారులకు అటువంటి రేటు లేదు. అయిన ఖర్చులో పని కోసం అయిన వాటా ఎంతో అంతే తీసుకోవాలి. ఖర్చు పూర్తిగా వృత్తి, వ్యాపారాల కోసమే అయి ఉండాలని 37(1) సెక్షన్ చెబుతుండగా, బండి పూర్తిగా పనికే వాడనప్పుడు ఖర్చులోనూ తరుగుదలలోనూ న్యాయమైన వాటానే అనుమతించాలని 38(2) సెక్షన్ చెబుతుంది. ఆ వాటాను మదింపు అధికారి నిర్ణయించవచ్చు. మీ దగ్గర ఆధారం లేకపోతే, ఆయన సబబనుకున్న శాతమే ఖాయమవుతుంది. అందుకే పెట్రోలు బిల్లుల కట్ట కన్నా నేను లాగ్‌బుక్‌కు ఎక్కువ విలువ ఇస్తాను. బిల్లు డబ్బు ఖర్చయిందని మాత్రమే చూపుతుంది, ఎందుకు ఖర్చయిందో చూపదు.

ప్రభుత్వ జీపులకు ఉండే లాగ్‌బుక్ వంటిదే ఇది. రెండు రూళ్ల నోటుబుక్ చాలు. ఏప్రిల్ 1న మీటరు రీడింగు రాసి ఫోటో తీసి పెట్టుకోవాలి, మార్చి 31న మళ్లీ అదే పని చేయాలి. పని మీద పోయిన ప్రతి రోజుకు ఒక వరుస ఉండాలి. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుంది: “12-11-2025, 2,314 నుంచి 2,398, 84 కి.మీ.; హనుమకొండ, నర్సంపేట, తిరిగి హనుమకొండ; రెండు పాలసీల ప్రీమియం, ఒక కొత్త ప్రపోజల్.” పాలసీదారుల పేర్లు రాయనక్కరలేదు, పాలసీ నంబరు చివరి అంకెలు చాలు, అవే ఆ రోజు కమీషన్ స్టేట్‌మెంటుతో, రసీదులతో సరిపోలతాయి. సొంత ప్రయాణాలకు కారణాలు రాయాల్సిన పని లేదు, రీడింగుల తేడాలోనే అవి తేలిపోతాయి.

లాగ్‌బుక్‌ను రిటర్ను వేసేముందు ఒక్క రాత్రి కూర్చొని ఒకే పెన్నుతో నింపేవారు ఉన్నారు. అది సులభంగానే దొరికిపోతుంది. ఎందుకంటే సర్వీస్ సెంటర్ ఇచ్చే ప్రతి బిల్లు మీద తేదీతో పాటు మీటరు రీడింగు అచ్చయి ఉంటుంది. ఫాస్టాగ్ స్టేట్‌మెంటులో ఏ టోల్‌గేటు ఎన్ని గంటలకు దాటారో ఉంటుంది. ఆగస్టులో సర్వీస్ బిల్లు 7,900 కిలోమీటర్లు చూపుతుంటే లాగ్‌బుక్‌లో అదే రోజుకు 9,200 ఉంటే, ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ నమ్మరు. రిటర్ను నాటికి మీరు ఇచ్చిన అంకెలనే ఆడిటర్ నింపగలరు. ఏప్రిల్ నుంచి రాయని పుస్తకాన్ని ఆయన జూలైలో తయారు చేయలేరు.

ఏది పని, ఏది సొంతం అన్న చోట కొంత నిజాయితీ కావాలి. 2026 జనవరి చివర మేడారం జాతరకు కుటుంబంతో పోయిన కిలోమీటర్లు సొంతవే, దారిలో ములుగులో ఒక పాలసీదారును పలకరించినా సరే. అదే జాతరలో అమ్మడానికి దుకాణం సరుకు వేసుకొని పోయిన వ్యాపారికి అది పని. ఇంటికీ దుకాణానికీ మధ్య రోజూ తిరిగే దూరాన్ని వేరే గడిలో రాసి, దాన్ని పని వాటాలో కలపకుండా ఉండటమే క్షేమమని నేను చెబుతాను. కలిపితే వచ్చే లాభం కొంచెం, దాని మీద వాదన ఎక్కువ.

లెక్కలోకి వచ్చే ఖర్చులు

పెట్రోలు, డీజిల్, ఆయిల్, టైర్లు, సర్వీసింగ్, రిపేర్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం, టోల్, పార్కింగ్, డ్రైవరు జీతం, లోన్ మీద వడ్డీ, వీటన్నిటిలో పని వాటా తీసుకోవచ్చు. నెలనెలా కట్టే కిస్తీ మొత్తం ఖర్చు కాదు. అందులో అసలు కింద పోయేది అప్పు తీర్చడమే, వడ్డీ మాత్రమే ఖర్చు. బ్యాంకును అడిగితే ఏడాదికి ఎంత వడ్డీ పడిందో చూపే సర్టిఫికెట్ ఇస్తుంది.

కొన్నప్పుడు షోరూంలో కట్టిన మొత్తాన్ని విడదీయాలి. బండి ధర, జీఎస్టీ, రవాణా శాఖకు కట్టిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు బండి విలువలో చేరతాయి, వాటి మీద తరుగుదల వస్తుంది. ఇన్సూరెన్స్ అందులో చేరదు, అది ఏటి ఖర్చు. కారు ధర 10 లక్షలు దాటితే షోరూంవారు 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. దీన్ని చాలామంది ధరలో కలిపేసి మరిచిపోతారు. నిజానికి అది మీరు ముందుగా కట్టిన ఆదాయపు పన్ను, మీ పేర జమైన పన్నును చూపే 26ఏఎస్ పట్టికలో కనిపిస్తుంది, రిటర్నులో పూర్తిగా తిరిగి లెక్కలోకి తీసుకోవాలి.

తరుగుదల రేటు కారుకైనా మోటారు సైకిలుకైనా ఏటా 15 శాతం. కిరాయికి తిప్పే టాక్సీ, బస్సు, లారీలకు 30 శాతం, విద్యుత్తుతో నడిచే వాహనాలకు 40 శాతం. మొదటి ఏడాది కొన్న ధర మీద, ఆ తర్వాత మిగిలిన విలువ మీద లెక్కగట్టాలి. తరుగుదల మీరు అడిగినా అడగకపోయినా తీసివేసినట్టే లెక్క. ఈ ఏడు ఆదాయం తక్కువ ఉందని వచ్చే ఏటికి దాచుకోవడం కుదరదు.

కొన్న ఏడాది 180 రోజులకు తక్కువ వాడితే సగం తరుగుదలే వస్తుంది. మామూలు ఏడాదిలో అక్టోబరు 3 నాటికి బండి పనిలోకి దిగితే మార్చి 31కి సరిగ్గా 180 రోజులు నిండుతాయి. దసరా నాడు బండి తెచ్చుకోవడం మన దగ్గర ఆనవాయితీ కనుక ఈ తేదీ ఆసక్తికరంగా ఉంటుంది. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజు తెచ్చి వాడకంలో పెట్టినవారికి పూర్తి తరుగుదల వస్తుంది. అదే నెల 20న దీపావళికి తెచ్చినవారికి సగమే. 2026లో దసరాయే అక్టోబరు 20న పడుతోంది. ముహూర్తం మీద పట్టింపు లేనివారు, లెక్కల పద్ధతిలో ఉన్నవారు వినాయక చవితికే తెచ్చుకోవడం మేలు. బుకింగ్ తేదీ, అడ్వాన్సు కట్టిన తేదీ పనికిరావు. బండి చేతికి వచ్చి పనికి వాడిన తేదీ ముఖ్యం.

ఒక లెక్క చూద్దాం. హనుమకొండ బీమా ఏజెంటు ఒకరు 2025 దసరా నాడు తెచ్చిన కారుకు, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కలిపి 9,20,000 రూపాయలు అయిందనుకుందాం. మార్చి 31 నాటికి మీటరు 9,000 కిలోమీటర్లు, అందులో లాగ్‌బుక్ ప్రకారం పని మీద 6,300, అంటే 70 శాతం. ఆ ఆరు నెలల్లో పెట్రోలు 60,000, సర్వీసు 6,000, ఇన్సూరెన్స్ 32,000, టోల్ 3,000, లోన్ వడ్డీ 27,000 కలిపి 1,28,000 రూపాయలు. తరుగుదల 15 శాతం చొప్పున 1,38,000. రెండూ కలిపి 2,66,000. దానిలో 70 శాతం 1,86,200 రూపాయలు కమీషన్ ఆదాయం నుంచి తీసివేయవచ్చు. అదే కారును దీపావళికి తెచ్చి ఉంటే, మిగతా అంకెలు మారలేదనుకున్నా, తరుగుదల 69,000కు పడిపోయి తీసివేత 1,37,900 అయ్యేది. టోల్ ఖర్చును శాతంలో కలపకుండా, పని మీద పోయిన రోజుల టోల్ మాత్రం పూర్తిగా తీసుకొని మిగతాది వదిలేయడం కూడా సమంజసమే.

నగదు, పేరు, చలాన్లు

ఒకే రోజు ఒకే మనిషికి నగదుగా 10,000 రూపాయలకు మించి ఇస్తే, 40ఏ(3) సెక్షన్ కింద ఆ ఖర్చు మొత్తం పోతుంది. సరుకు రవాణా బండ్ల కిరాయికి మాత్రం ఈ పరిమితి 35,000. టైర్ల షాపులో నాలుగు టైర్లు మార్పించి 18,000 చేతికిస్తే అందులో 10,000 కాదు, ఒక్క రూపాయి కూడా రాదు. డ్రైవరుకు నెలకు 12,000 జీతం ఇచ్చేవారు బ్యాంకు ద్వారా ఇవ్వాలి. బండి కొనేటప్పుడు 10,000కు మించి నగదు కడితే ఆ భాగం మీద తరుగుదల రాదు. సెకండ్ హ్యాండ్ కార్ల బేరాల్లో ఇది తరచుగా జరుగుతుంది.

బండి భార్య పేరనో తండ్రి పేరనో ఉంటే తరుగుదల దగ్గర చిక్కు వస్తుంది, ఎందుకంటే తరుగుదల యజమానికే. మీ పేర టీజీ-03 రిజిస్ట్రేషన్, మీ ఖాతా నుంచి చెల్లింపు, మీ బ్యాలెన్స్ షీట్‌లో నమోదు, ఈ మూడూ ఒకటైతే ప్రశ్నే రాదు.

ట్రాఫిక్ చలాన్లు ఖర్చు కావు. పని మీద పోతూ పడినవైనా, రాయితీ ప్రకటించినప్పుడు తగ్గించి కట్టినవైనా, చట్టాన్ని మీరినందుకు కట్టిన జరిమానాను తీసివేయనివ్వరు.

పెట్రోలు బంకులో బిల్లు అడిగి, దాని మీద బండి నంబరు వేయించుకోవాలి. ఫోన్‌లో చెల్లించినట్టు ఉన్న స్క్రీన్‌షాట్ బిల్లు కాదు. బంకు బిల్లుల కాగితం డ్యాష్‌బోర్డు మీద మన మే నెల ఎండకు వారంలో తెల్లబోతుంది కనుక అదే రోజు ఫోటో తీసుకోవాలి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి ఒక్క మాట: 13 మంది లోపు కూర్చునే కారు మీద, దాని రిపేర్లు, ఇన్సూరెన్స్ మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (దాన్ని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) మామూలుగా రాదు, టాక్సీ నడిపేవారికి, డ్రైవింగ్ స్కూళ్లకు తప్ప. సరుకు తోలే బండికి వస్తుంది; అప్పుడు క్రెడిట్ తీసుకున్న మొత్తాన్ని బండి విలువలో కలిపి తరుగుదల అడగకూడదు.

ఐటీఆర్-3లో ఎక్కడ రాయాలి

పుస్తకాలు రాసేవారు లాభనష్టాల పట్టికలో ఇంధనం, రిపేర్లు, ఇన్సూరెన్స్, ప్రయాణ ఖర్చులు, వడ్డీలను వాటి వాటి గడుల్లో చూపాలి. సొంత వాటాను రెండు విధాలుగా తీసేయవచ్చు: మొదటే 70 శాతాన్ని మాత్రం రాయడం ఒకటి, మొత్తం రాసి ‘ఇతర సమాచారం’ భాగంలో సొంత ఖర్చు కింద 30 శాతాన్ని వెనక్కి కలపడం రెండోది. బ్యాంకు ఖాతాలో కనిపించే మొత్తంతో పట్టికలోని మొత్తం సరిపోతుంది కనుక నేను రెండోదాన్నే ఇష్టపడతాను. తరుగుదలను డీపీఎం షెడ్యూలులో 15 శాతం బ్లాక్ (ఒకే రేటు తరుగుదల ఉన్న ఆస్తులను కలిపి చూపే గుంపు) కింద, 180 రోజులు నిండినవి, నిండనివి వేరుచేసి రాయాలి. వ్యాపార ఆదాయం 2.5 లక్షలు గానీ టర్నోవరు 25 లక్షలు గానీ దాటని చిన్న ఏజెంటుకు పుస్తకాల నిర్బంధం లేదు. ఆయన మొత్తం వసూళ్లు, ఖర్చులు, నికర లాభం రాస్తే చాలు. లాగ్‌బుక్ మాత్రం ఆయనకూ ఉండాలి.

బండి అమ్మినప్పుడు వచ్చిన ధరను, ఎక్స్ఛేంజిలో ఇచ్చి ఉంటే షోరూం కట్టిన విలువను, ఆ బ్లాక్ నుంచి తీసివేయాలి. సొంతానికి మాత్రమే వాడిన కారును లాభానికి అమ్మినా పన్ను ఉండదు. వ్యాపారపు బ్లాక్‌లో ఉన్న కారును మిగిలిన విలువ కన్నా ఎక్కువకు అమ్మితే, బ్లాక్‌లో వేరే ఆస్తి లేనప్పుడు ఆ తేడా 50వ సెక్షన్ కింద స్వల్పకాలిక మూలధన లాభమవుతుంది. నాలుగైదేళ్లు తరుగుదల తీసుకున్న కారుకు పుస్తకాల్లోని విలువ సగానికి పడిపోయి, బయట మంచి ధర పలుకుతున్నప్పుడు ఇదే జరుగుతుంది. పాతది అమ్మిన ఆర్థిక సంవత్సరంలోనే కొత్తది కొంటే, కొత్త బండి విలువ అదే బ్లాక్‌లో చేరి ఆ లాభం సర్దుబాటవుతుంది. మార్చిలో పాతది అమ్మి ఉగాదికని ఏప్రిల్‌లో కొత్తది తెచ్చుకుంటే మాత్రం ఆ ఏటి లాభం మీద పన్ను కట్టవలసి వస్తుంది.